మగ్గమెక్కిన నవల

హిందూపురంలో మా ఇంటి కిటికీకి ఒక పొడుగాటి అట్టముక్క వేలాడుతూ ఉంటుంది. నిన్న వాన పడి తడిగాలి కొట్టేసరికి దాంట్లోంచి పాత అట్ట వాసన, మగ్గం నూనె వాసన కలిసి గుప్పున వచ్చాయి. ఇరవై ఏళ్ళు దాటినా ఆ వాసన తగిలితే నాకు ఆ అట్టకు చిల్లులు కొట్టిన రోజు గుర్తొస్తుంది. నా చేతులారా చేసిన పాడుపని అది. అప్పుడు ఎవరూ నన్ను తిట్టలేదు. ఆ తిట్లన్నీ ఇప్పుడు నేనే తిట్టుకుంటూ రాస్తున్నాను.

తొంభైల చివర్లో డిగ్రీ ముగించి పెనుకొండలో ఊరికే కూర్చున్నాను. మేము దూదేకులవాళ్ళం. మా నాయన పరుపులు కుట్టేవాడు. ధర్మవరంలో పట్టుచీరల మగ్గాలకు అట్టలు కొట్టే అంగట్లో గ్రాఫు గీసే మనిషి కావాలంటే పోయాను. చీర అంచులో హంస రావాలంటే ముందు గ్రాఫు కాగితం మీద హంసను గీయాలి. ఆ గడుల ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టాలి. వాటిని వరసగా దండలా కుట్టి మగ్గానికి ఎక్కిస్తే, నేతగాడు తొక్కినప్పుడల్లా ఒక్కో అట్ట తిరుగుతుంది. ఆ అంగడి ఓబులేసన్నది. నలభై ఐదేళ్ళ బక్కమనిషి, మాట పొదుపు.

"యా ఊరమ్మా మీది?" అని అడిగాడు మొదటిరోజు.

"పెనుకొండన్నా. పరుపులు కుట్టే ఇమామయ్య కూతుర్ని. నా పేరు మస్తానమ్మ."

"వాకిట్లో పెద్ద రోలుండే ఇల్లేనా?"

"అవునన్నా! మీకెట్ల తెలుసు?"

ఆయన చేతిలో సుత్తి పక్కన పెట్టి నా ముఖం కాసేపు చూశాడు. తర్వాత మళ్ళీ సుత్తి తీసుకుని, "రేపట్నుంచి రామ్మా" అన్నాడు.

నాకు ఆ పని నేర్పింది ఆయనే. నాకు తొందరెక్కువ, నోరు ఇంకా ఎక్కువ. గ్రాఫు చూడకుండానే టకటకా కొట్టేసేదాన్ని. ఒకసారి హంసకు మూడో కాలు మొలిచింది. ఆయన నవ్వాడు గానీ అట్ట పక్కన పడేసి ఒకటే మాట అన్నాడు. "చూసిందే కొట్టు మస్తానమ్మా. తోచింది కొట్టొద్దు." రెండేళ్ళు రోజూ వినిపించిన మాట అది. ఒకే చోట కూర్చుని సద్ది తిన్నాము, ఒకే చెంబులో నీళ్ళు తాగాము. ఆయన గురించి నాకు తెలిసింది మాత్రం సున్నా. మరకపడి పక్కన పెట్టిన, చిల్లు పడని అట్టల వెనక పెన్సిలుతో ఏదో రాసుకునేవాడు. నాకేమీ వింతగా అనిపించలేదు. మా అంగట్లో రాత లేని అట్టే దొరకదు. నేతగాడి పేరు, చీర రంగు, ఎవరికి ఎప్పుడివ్వాలో అన్నీ అట్టల మీదే రాసుకునేవాళ్ళం.

ఒకసారి ఆయన నల్లమాడలో అక్క ఇంటికని మూడు రోజులు పోయాడు. సరిగ్గా అప్పుడే మగ్గాల లక్ష్మక్క ఏడుపుముఖంతో వచ్చింది. "మగ్గం నిలబడిపోయి ఉండాదమ్మా. పెండ్లోళ్ళు దినామూ వచ్చి కూచుంటాండారు. ఎట్లన్నా చేసి హంస అట్టలియ్యి" అంది. చూస్తే కొత్త అట్టలు ఒక్కటీ లేవు. అటక మీద ఎర్రగుడ్డలో బోర్లా కట్టిపెట్టిన కట్ట ఒకటి కనిపించింది. అడుగువైపు సన్నటి పెన్సిలు రాత, మూలలో నంబర్లు. పాత డిజైన్ల రాతలే అనుకున్నాను. ఒక్క వాక్యం చదివినా సరిపోయేది! చదవలేదు. రెండు రోజులు చెయ్యి పట్టేసేదాకా కొట్టి, దండ కుట్టి ఇచ్చేశాను.

ఓబులేసన్న వచ్చీరాగానే అటకవైపు చూశాడు.

"ఈడుండే కట్ట యాడమ్మా?"

"లక్ష్మక్కకు కొట్టిచ్చేసినా అన్నా. కొత్త అట్టలు అయిపోయింటే!" అన్నాను. పైగా శభాష్ అంటాడని చూస్తున్నాను, సిగ్గులేని ముఖం పెట్టుకుని.

ఆయన పీట మీద కూలబడ్డాడు. చెంబెడు నీళ్ళు తాగాడు. "హంస బాగొచ్చిందా?" అన్నాడు.

"వచ్చిందన్నా."

"సరే అయితే."

ఆ ఆదివారం, "మీ ఊర్లోనే మీటింగుండాది, నువ్వూ రా" అని ఓబులేసన్న అంటే వెళ్ళాను. నేతగాళ్ళ సంఘమేమో అనుకున్నాను. బడిగదిలో పదిపన్నెండు మంది ఉన్నారు. ఒక్కొక్కరూ లేచి పేరు, చేసే పని చెబుతున్నారు. గాండ్లపెంట నుంచి వచ్చిన సుగాలి ఆమె ఆసుపత్రిలో ఆయా, పాటలు రాస్తుందట. గోరంట్ల బస్టాండులో అరటిపండ్లు అమ్మే ఆయన మూడు నాటకాలు రాశాడట. చెప్పులు కుట్టే పెద్దాయన తన బతుకు కథ రాస్తున్నాడట. రాసేవాళ్ళంటే కండువా వేసుకున్న లెక్చరర్లే అనుకునేదాన్ని. అప్పుడు మా ఓబులేసన్న లేచాడు.

"నేను ఎరుకల ఓబులేసు. అట్టలు కొడతా. మా యమ్మ మీద తొమ్మిదేండ్లు నవల రాసినా. ఈ పొద్దు తెచ్చిస్తానని ప్రెస్సాయనకు మాటిచ్చింటి." ఆగాడు. "తేలేకపోయినానప్పా. అది మగ్గమెక్కింది."

అందరూ తమాషా అనుకుని నవ్వారు. నవల! తొమ్మిదేళ్ళ నవలకు నేను చిల్లులు కొట్టాను! ఆయన నా వైపు చూడనైనా చూడలేదు, నా పేరెత్తలేదు. బయటికొచ్చి గోడకానుకుని వెక్కివెక్కి ఏడ్చాను.

మర్నాడు లక్ష్మక్క ఇంటికి పరుగెత్తాను. చీర సగం అయింది. అట్టలు ఇప్పుడు దింపితే చీర పాడవుతుంది. "నిదానంగా నేస్తావాక్కా, చదువుకుంటా" అని కాళ్ళావేళ్ళా పడ్డాను. "చీరలో చదివేదేముందే పిచ్చిదానా!" అంది గానీ ఒప్పుకుంది. ఆమె తొక్కినప్పుడల్లా ఒక అట్ట తిరిగేది. చిల్లుల మధ్య మిగిలిన అక్షరాలు నోటుబుక్కులో ఎక్కించేదాన్ని. అందనివి మళ్ళీ ఇంకో హంస మొదలయ్యేదాకా ఆగి రాసుకునేదాన్ని. బోర్లా ఉన్న కట్టను పైనుంచి కొట్టాను కదా, కథ వెనకనుంచి వచ్చింది. మొదట ఆ తల్లి చనిపోయింది. తర్వాత ముసలిదైంది, గంప నెత్తిన పెట్టుకుని ఎరుక చెబుతూ ఊరూరూ తిరిగింది. ఎక్కడ దొంగతనం జరిగినా స్టేషనుకు ఈడ్చుకుపోతే తన్నులు తినొచ్చింది. చివరికి పందిపిల్ల వెంట పరుగెత్తే చిన్నపిల్లయింది. లక్ష్మక్క కూడా మగ్గం ఆపి, "తర్వాత ఏమాయె?" అని అడగడం మొదలుపెట్టింది.

రోజూ సాయంత్రం ఓబులేసన్న ముందు కూర్చునేదాన్ని. చిల్లులు తినేసిన మాటలు ఆయన చెబితే నేను పూరించేదాన్ని. ఒక్క అట్ట దగ్గర మాత్రం ఆయన చెప్పలేదు. దాని మీద ఇట్లా ఉంది: "పెనుకొండలో పరుపులోళ్ళ ఇంటికాడ, వాకిట్లో రోలు పక్కన నిలబడి మా యమ్మ నీళ్ళడిగె. లోపల్నుంచి ఒక చిన్నపాప పరిగెత్తుకొచ్చి వాళ్ళ అవ్వ చేతికి..." తర్వాత చిల్లు.

వాకిట్లో రోలు. అవ్వ. చిన్నపాప.

"ఏం రాయాలన్నా?" అన్నాను.

"ఆ పొద్దు నేను ఆడ లేనమ్మా. మా యమ్మ చెప్తే విన్నా, అంతే. నువ్వుంటివి కదా."

అంటే మొదటిరోజే తెలుసు ఈయనకు! తెలిసే పని నేర్పాడు, తెలిసే ఒకే చెంబులో నీళ్ళు తాగాడు. నేను పెన్సిలు తీసుకుని "నీళ్ళు" అని రాశాను. ఆయన చూశాడు. కాదనలేదు, తిట్టలేదు. అట్లాగే వదిలేసేవాడు కూడా. నాకు మాత్రం చెవిలో మా అవ్వ గొంతు వినపడుతూనే ఉంది: "ఎరుకలది నిలబడిన జాగా చిమ్మల్ల, తేవే!" అది నేను మరిచిపోలేదు. ముందు రాసిన మాట కొట్టేసి "చీపురు" అని రాశాను.

"ఊ. చూసిందే కొట్టినావు" అన్నాడు ఓబులేసన్న.

నవల హిందూపురంలో అచ్చయింది. చీర నేత ముగిశాక ఆ ఒక్క అట్టా నాకిచ్చాడు. ఇప్పుడాయన లేడు. నేను ఇక్కడ బడిలో పాఠాలు చెబుతూ కథలు రాస్తున్నాను. రాస్తుంటే ఒక్కోసారి అందమైన మాట, నన్ను మంచిదాన్ని చేసే మాట, తొందరగా చేతికొస్తుంది. అప్పుడు కిటికీ వైపు, ఆ చిల్లు వైపు చూస్తాను. ముందు "నీళ్ళు" అని రాసిన చెయ్యి ఇదే.