ఉదజని బండి కృపాకుమారి

2019 మే 6, సోమవారం. శింగనమలలో ఉదయం తొమ్మిదికే ఇనుప కుర్చీ మనిషిని కూర్చోనివ్వలేదు. సాయంత్రం వాన కురిసే అవకాశం ఉందని రేడియో చెప్పింది. తెలుగు వ్యాకరణంలో తద్ధర్మమని ఒక కాలం ఉంది. జరిగినా జరగకపోయినా ‘జరుగును’ అని ధైర్యంగా చెప్పడానికి అది పనికివస్తుంది. ‘సూర్యుడు ఉదయించును’ అన్నట్లే ‘వాన కురియును’ అని మా జిల్లాకు తరతరాలుగా చెబుతున్నారు. సూర్యుడు మాత్రం ఇంతవరకు మాట తప్పలేదు.

ఆనాడే బెంగళూరు సంస్థవారెవరో లారీలో ఒక ఆకుపచ్చ ఆటోను తెచ్చి మా బస్టాండులో దించి, దాని తాళం కృపాకుమారి చేతిలో పెట్టారు. ఈమె గోడలు కట్టే జాకబ్ కూతురు. బడిలో నా దగ్గర సంధులు నేర్చుకొని, అవి అన్నం పెట్టవని త్వరగానే గ్రహించి, ఆటో నేర్చుకుంది. ఏళ్ల తరబడి ఆటోలు తోలినా, ఆమె తోలిన ప్రతి బండికీ షష్ఠీ విభక్తి మరొకరి పేరుమీదే ఉండేది. ఇప్పుడు సంస్థవారి మాట ఇది: ఆరు నెలలు జనాన్ని ఎక్కించుకొని తిప్పితే బండి ఆమెదే. జనం ఎక్కకపోతే వెనక్కి పట్టుకుపోతారు.

ఆ బండిలో పెట్రోలు లేదు, గ్యాసు సిలిండరు లేదు. సీటు కింద పెట్టెలో నల్లని పాలిమరు పలకలున్నాయి. హైడ్రోజన్ వాయువు ఆ పలకల్లో ఇమిడి ఉంటుంది. వేడి తగిలితేనే బయటికి వచ్చి, కరెంటుగా మారి, బండిని నడిపి, చివరికి వెనుక గొట్టంలోంచి నీరై జారుతుంది. వాయువు తీరిన పలకలను వారానికోసారి సంస్థ వ్యాను వచ్చి మార్చిపోతుంది. వేడి పుష్కలంగా దొరుకుతుందనే మా ఊరిని ఎంచుకున్నారట. ప్రకృతి మాకిచ్చిన ఏకైక సంపదను అంత గౌరవంగా గుర్తించినవారు అంతకుముందు లేరు.

సంస్థ ఇంజనీరు అర్చన మైకు పట్టుకొని ఇదంతా వివరించింది. టీ అంగడి లింగన్న చెవికి చెయ్యి అడ్డం పెట్టుకొని విన్నాడు.

“పాల మరా? ఈ ఆటో పాలు గూడా పిండుతాదా తల్లీ?”

“పాల మర కాదు తాతా, పాలిమర్. దాంట్లో హైడ్రోజన్ ఉంటుంది.”

“హైడ్రోజనా! అది బాంబు గదమ్మా!”

పాల మరగా ఉన్నంతసేపు బండి చుట్టూ మూగిన జనం, బాంబు అనేసరికి బస్సు కోసం వెళ్లి ఎండలో నిలబడ్డారు. వారం గడిచినా ఆ ఆటోలో ఈగ తప్ప ఎవరూ ఎక్కలేదు. కృపాకుమారి ఊరుకోలేదు, అంగడి ముందే లింగన్నను పట్టుకుంది.

“మామా, సెనక్కాయలో నూనె ఉండాది గదా? పట్టుకుంటే చెయ్యి తడుస్తాదా? గానుగలో ఏస్తేనే కారేది. ఇదీ అంతే.”

“సెనక్కాయలు పేలవు పాపా,” అన్నాడు లింగన్న.

ఆ సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. “సార్, ఆ పేరే నా కొంప ముంచుతాండాది. దాన్ని తెలుగులో ఏమంటారు?”

ఉదజని అంటారని చెప్పాను. ఒకప్పుడు మన పాఠ్యపుస్తకాలలో ఆమ్లజని, ఉదజని, నత్రజని అక్కచెల్లెళ్లలా కలిసి తిరిగేవారు. ఇంగ్లీషు మీడియం వచ్చి పెద్దవారిద్దరినీ ఇంటినుంచి వెళ్లగొట్టింది. నత్రజని మాత్రం ఎరువుల బస్తాల పుణ్యమా అని బతికి బట్టకట్టింది. ఈ చరిత్ర చెబుతూ, ఉదకాన్ని జనింపజేసేది కనుక ఉదజని అని విగ్రహవాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆమె లేచి నిలబడింది.

“సాలు సార్! నీళ్లనే మాట వచ్చినాది గదా, మిగతాది మళ్లీ వింటా.”

మరునాటికి బండి వెనుక ఎర్రని అక్షరాలు వెలిశాయి: ‘ఉదజని బండి – నీటిని పుట్టించును’. ఆ మరునాడు తెల్లవారేసరికి బస్టాండులో బిందెల వరుస నిలిచింది. వరుసలో ముందు తిమ్మక్క ఉంది. కూలిపనులకు మనుషులను కూడగట్టే ఆవిడ మాట ఊరిలో చెల్లుతుంది.

“ఏం పాపా, నీ బండి నీళ్లిస్తాదంట? యాడ పట్టుకోవాల?”

కృపాకుమారి ఒక్క క్షణం ఆ బిందెల వంక చూసింది. అబద్ధం ఆడలేదు, వ్యాకరణం అడ్డురాని నిజం చెప్పింది.

“ఇస్తాదక్కా. నిలబడుకుంటే ఇయ్యదు, తిరిగితేనే ఇచ్చేది. ఎక్కండి.”

ఎక్కారు. ఒళ్లో బిందెలు పెట్టుకొని, గొట్టానికి చెంబు వేలాడదీసి, బాంబు మీద కూర్చున్నామన్న సంగతి మరచి అనంతపురం చేరారు. దిగగానే తిమ్మక్క చెంబులోకి తొంగిచూసింది.

“ఓసి నీ బండి బంగారం గాను! ఈ నీళ్లకు పిచ్చుక గూడా మునగదు గదే!”

“పేలలేదు గదక్కా?”

“పేలేకి దాన్లో ఏముండాది? నీళ్లే సరిగా లేవు!”

తిరుగు ప్రయాణంలోనూ వాళ్లు అదే ఆటో ఎక్కారు. తిమ్మక్క ఎక్కిన బండిని కాదనే ధైర్యం ఊళ్లో ఎవరికుంది? శాస్త్రం మైకు పట్టుకొని పోగొట్టలేని ప్రాణభయాన్ని దాహం నోరు మెదపకుండా పోగొట్టింది. సంస్థవారు మాత్రం ‘ప్రజలలో శాస్త్రీయ చైతన్యం’ అని నివేదిక రాసుకున్నారని విన్నాను. ఖాళీ బిందెలతో తీసిన ఫొటోకు ఆ శీర్షిక ఎంతో అందంగా అమరిందట.

ఆరు నెలలు నిండాయి. అర్చన కాగితాలు తెచ్చి, బండి ఆమె పేరిట రాసి ఇచ్చింది. షష్ఠీ విభక్తి ఇన్నాళ్లకు చోటు మారింది. కృపాకుమారి సంతకం చేసి, ఇంకా కలం మూయకముందే అర్చన తల వంచుకొని చెప్పింది: ప్రయోగం ముగిసింది, పలకల తయారీ ఆగిపోయింది, వ్యాను ఇక రాదు.

“అంటే మేడమ్, కొట్టం నాకిచ్చి ఎద్దును తోలుకపోతాండారా?”

అర్చన మంచి పిల్ల; కలం కృపాకుమారికే వదిలి వెళ్లింది. ఆ వారం పలకలు తీరగానే బండి జాకబ్ ఇంటి ముందు ఆగింది. దాని మీద మిరపకాయలు ఎండబోశారు. కొంతకాలానికి కృపాకుమారి ఉరవకొండకు వెళ్లిపోయింది. బండిని ట్రాక్టరుకు కట్టి వెంట లాక్కుపోయింది. అమ్మెయ్యమన్నవాళ్లకు ఆమె చెప్పిన సమాధానం అచ్చువేయదగినది కాదు.

మొన్న 2025 ఆగస్టులో ఆమె నుంచి ఉత్తరం వచ్చింది. ఎర్రసిరాతో దిద్దకుండా ఉన్నదున్నట్లు ఇస్తున్నాను.

“సార్‌కు నమస్కారం. బండి నడస్తాండాది. ఆ పెట్టె పీకించి బ్యాటరీలు ఏయించినా. ఉరవకొండలో పొద్దున బడి పిల్లోళ్లు, మాపున సంతకు పోయేవాళ్లు ఎక్కుతారు. పోయిన నెల అర్చన మేడమ్ వచ్చింది. కొత్త రకం పలకలు చేసినారంట, ఈసారి బస్సుకు పెడతారంట, తోలి జనాన్ని ఎక్కించేకి నేనే కావాలంట. మంచిదే మేడమ్, పలకలు ఎన్నేండ్లు ఇస్తారో ముందు రాసి సంతకం పెట్టండి, ఆ పైన స్టీరింగు పట్టుకుంటా అని చెప్పినా. మా పెద్దోళ్లను అడగాల అనింది. అడగనీ సార్. నాకేం తొందర లేదు, బండి నాది.”