ఇంకొంచెం ఉప్పు పడాల

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా నా నాలుకంత నాలుక ఇంకొకటి లేదని మా వీధి టీకొట్టులో చాలాసార్లు చెప్పాను. నేను రుచి చూసి తలాడిస్తే గానీ ఈ చుట్టుపక్కల ఏ బడిలోనూ పిల్లలు పళ్లెం ముట్టరని కూడా చెప్పాను. నిజానికి అది ఒక్కటే బడి. రెండు గదులు, ఒక వంటషెడ్డు, నలభై మంది పిల్లలు. ఆ నలభై మందిలో నా మనవరాలు ఒకతె.

మధ్యాహ్నం అన్నం వడ్డించే ముందు హెడ్మాస్టరూ, వంటామె, పిల్లల ఇళ్లవాళ్లలో ఒకరూ తిని చూసి రిజిస్టరులో రాయాలని నియమం ఉంది. తల్లులంతా మిరపకాయల కోతకు పోయేవాళ్లు. నా కోడలూ అంతే. పగటిపూట ఊళ్లో పనిలేని నోరు నాదొక్కటే మిగిలింది కాబట్టి ఆ ఉద్యోగం నాకు దక్కింది. జీతమేమీ లేదు. రోజూ ఒక గరిటెడు సాంబారో పప్పో పోసేవాళ్లు. పిల్లలు నన్ను రుచితాత అని పిలిచేవాళ్లు. ఆ పిలుపు కోసమే నేను పదకొండున్నరకల్లా ఉతికిన చొక్కా వేసుకుని తయారయ్యేవాణ్ణి.

వంటామె నాకంటే పదేళ్లు చిన్నది. భర్త పోయినప్పటి నుంచి ఆ పొయ్యే ఆమెకు ఆధారం. ఆదివారం చర్చిలో పాడే పాటలే మిగతా ఆరు రోజులూ బియ్యం కడుగుతూ పాడుకునేది. నేను గరిటె పట్టుకుని కళ్లు మూసుకుంటే నవ్వేది.

"ఏందన్నా, పప్పును అట్ల చూస్తాండావు, పెండ్లిచూపులకొచ్చినట్ల?"

"పెండ్లికొడుకును నేనే గదమ్మా, తొందర పడితే ఎట్ల?" అనేవాణ్ణి.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. రెండేళ్ల కిందట వచ్చిన జ్వరంతో నాకు వాసన, రుచి రెండూ పోయాయి. నంద్యాల పెద్దాసుపత్రిలో డాక్టరు, రావచ్చు, ఈ వయసులో రాకపోనూ వచ్చు అన్నాడు. రాలేదు. బెల్లమూ, గోడ సున్నమూ నా నోటికి ఒకటే. ఈ మాట ఇంట్లో కూడా చెప్పలేదు. చెబితే రుచితాత ఉద్యోగం పోతుంది. మళ్లీ పగలంతా మంచం మీద కూర్చుని ఫ్యాను వంక చూడాలి.

మరి ఎలా నెట్టుకొచ్చానంటే, నాకంటే ముందు వంటామె తినేది. ఆమె ముఖం చూసేవాణ్ణి. కనుబొమ్మ ముడిపడితే ఉప్పు తక్కువ, పెదవి విరిస్తే పులుపు ఎక్కువ. హెడ్మాస్టరు ఏమన్నాడో దానికి రెండు మాటలు చేర్చి నేనూ అనేవాణ్ణి. ప్రతిరోజూ బాగుందంటే అనుమానం వస్తుందని అప్పుడప్పుడు ఏదో ఒక వంక పెట్టేవాణ్ణి. "ఇంకొంచెం ఉప్పు పడాల" అన్నది నాకు బాగా అచ్చొచ్చిన మాట. ఆమె నమ్మకం కుదరక మళ్లీ తిని చూసుకునేది. సరిపోయిందిలే అన్నా అనేది. నేను పెద్దమనసుతో ఒప్పుకునేవాణ్ణి.

ఈ ఏడు వంటామెకు ఈస్టరు ముందరి నలభై రోజుల ఉపవాసాలూ, ఆమెకు సాయం చేసే సాయిబుల ఇంటి కోడలికి రంజాను ఉపవాసాలూ ఒకేసారి వచ్చాయి. ఇద్దరూ సాయంత్రం దాకా నోట్లో ఏమీ పెట్టరు. ఒకరి నీరసం చూసి ఒకరు, నువ్వు కూర్చో నేను రుబ్బుతా అంటే నువ్వు కూర్చో నేను తోముతా అనుకునేవాళ్లు. మొదటి రోజే వంటామె గరిటె నా చేతికిచ్చి, ఈ నెలంతా మా ఇద్దరి నోళ్లూ నీ నోట్లోనే ఉండాయన్నా అంది. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. హెడ్మాస్టరు ఉన్నాడు కదా, ఆయన ముఖం చూసి గడిపేద్దాం అనుకున్నాను. రెండు వారాలు అలాగే గడిచింది.

ఆ రోజు హెడ్మాస్టరు మీటింగని నంద్యాలకు పోయాడు. సాంబారు ఉడుకుతోంది. చూడాల్సిన ముఖాలు రెండూ ఏమీ తినని ముఖాలు. గరిటె నాకిచ్చి ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. నేను కళ్లు మూసుకున్నాను, నాలుక అంగిట్లో తిప్పాను, తల పంకించాను. అంత ఆర్భాటం చేశాక బాగుందని ఊరికే అనడానికి మనసొప్పలేదు.

"ఇంకొంచెం ఉప్పు పడాల తల్లీ" అన్నాను.

ఆమె గుప్పెడు వేసి కలిపింది. మళ్లీ చూడమంది. చూసి, ఇంకా చప్పగానే ఉందన్నాను. రెండో గుప్పెడు వేసింది. అప్పుడు నేను అమృతమని, రిజిస్టరులో 'రుచి చాలా బాగున్నది' అని గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టాను.

పిల్లలు ఒక్క ముద్దకే ఉమ్మేశారు. కొళాయి దగ్గరికి పరిగెత్తారు. గుడ్డు మాత్రం తిని, అన్నమంతా పళ్లెంలో వదిలేశారు. నా మనవరాలు కూడా. సరిగ్గా అప్పుడే తనిఖీకి ఒక మేడం వచ్చింది. ఆమె వేలు ముంచి నాకి చూసి, ఎవరు రుచి చూశారని అడిగింది.

టీకొట్టులో నేను చెప్పిన కథ ప్రకారం, నేను ముందుకొచ్చి, తప్పంతా నాది మేడం, ఆమెనేమీ అనొద్దు అన్నాను. అలా అనలేదు. నేనన్న మాట ఇది.

"నేను చూసినప్పుడు బాగానే ఉండె మేడం. నా తర్వాత ఏమేసినారో నాకు తెల్దు."

వంటామె నా వైపు ఒకసారి చూసింది. ఈయన వెయ్యమంటేనే వేశాను అనలేదు. నాకు ఉపవాసం మేడం, నేను రుచి చూడలేదు అని మాత్రం అంది. వండిన మనిషి నోట్లో పెట్టుకోకుండా పిల్లలకెలా పెడతారని మేడం రాసుకుంది. వారం తిరక్కుండానే ఆమెను తీసేసి ఇంకొకామెను పెట్టారు. పదకొండేళ్లు వండిన మనిషి మోకాళ్ల నొప్పులతో మిరపచేనుకు పోయింది.

ఒప్పుకుందామనే ఒక సాయంత్రం వాళ్లింటికి పోయాను. అప్పుడే చేను నుంచి వచ్చి, మంటలు పుట్టే చేతులు మజ్జిగలో పెట్టుకుని కూర్చుంది. పొయ్యి మీద పప్పు ఉంది. నన్ను చూసి, కూర్చోన్నా అని గిన్నెలో సంగటి ముద్ద, పప్పు పెట్టింది. తను ఇంకా ఏమీ తినలేదు, మళ్లీ చేతులు మజ్జిగలో పెట్టుకుంది. ఒప్పుకోవాల్సిన మాట గొంతులోనే ఉంది. కానీ చేతిలో గిన్నె ఉంటే నా నోరు పాత దారినే పోయింది.

"ఏం పప్పు తల్లీ, ఉప్పు ఎంత బాగా కుదిరింది" అన్నాను.

ఆమె చేతులు మజ్జిగలోంచి తీసింది. "ఉప్పు ఇంగా ఎయ్యల్యాదన్నా" అంది.

మరిచిపోయి పెట్టిందో, కావాలనే పెట్టిందో ఇప్పటికీ అడగలేదు. ఎన్నాళ్ల నుంచి అని అడిగింది. రెండేళ్లన్నాను. లేచి పొయ్యి మీది పప్పులో ఉప్పు వేసి కలిపింది.

"నాకు చెప్పింటే సరిపోతాండె గదన్నా. రుచి తెల్వకపోయినా ఆ గరిటెడు నీకు పోస్తాంటి" అంది. తర్వాత, "పిల్లోల్లు ఆపొద్దు వట్టి గుడ్డు తిని పోయినారు" అని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తెల్లారి జరిగిందంతా కాగితం మీద రాసి, ఆమెకు చెప్పి, ఆ మేడం ఆఫీసుకని నంద్యాల బస్సెక్కాను. అక్కడ బల్ల గుద్ది మాట్లాడానని ఊళ్లో చెప్పాను. మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చుని, కాగితం అటెండరు చేతికిచ్చి వచ్చాను. అంతే.

ఆళ్లగడ్డలో బస్సు దిగేసరికి ఆమె చేను నుంచి ఆటోలో వచ్చి దిగుతోంది. ఏమన్నారన్నా అని అడిగింది. పిలుస్తామన్నారని, మంచి మేడమని, దారి పొడుగునా తయారుచేసుకున్న మాటలు నాలుక చివరే ఉన్నాయి.

"కాగితం తీసుకున్నారు తల్లీ. ఇంకేమీ అనలేదు" అన్నాను.

ఆమె తలూపి, సద్దిగిన్నె చంకన పెట్టుకుని, మోకాలి మీద ఒక చెయ్యి ఆనించి మెల్లగా నడిచింది. బడి ముందు నుంచే వాళ్లింటికి దారి. వంటషెడ్డు వచ్చినప్పుడు కొంగు తల మీదికి లాక్కుని అవతలి వైపుకు మళ్లింది.