రూతక్క అతికించిన ధ్రువాలు

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నదున్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా వంటింట్లో గ్లాసెడు పాలు పొంగితే, నేను వీధి చివరికి వెళ్ళి చెప్పేసరికి అది మూసీ వరద అయిపోతుంది. కాబట్టి ఇప్పుడు రాయబోయేదాంట్లో సగం కొట్టేసి చదువుకోండి. ఏ సగమని మాత్రం మధ్యలో అడగొద్దు.

మొన్న ఛత్రినాకలో బస్సు కోసం నిలబడ్డాను. పక్కన ఒకాయన గోడకు సినిమా పోస్టరు అతికిస్తున్నాడు. బకెట్టులోంచి ఉడికిన మైదా లై వాసన, పురుగు పట్టకుండా అందులో కలిపిన మైలుతుత్తం పచ్చి వాసన గుప్పున వచ్చాయి. బస్సు వచ్చింది, కండక్టరు పిలిచాడు, బస్సు పోయింది. నేను మాత్రం పాతికేళ్ళ వెనక్కి, ఉప్పుగూడ స్టేషను వెనకాల రూతక్క రేకుల షెడ్డులోకి వెళ్ళిపోయాను. అక్కడ భూగోళాలు తయారయ్యేవి. అవును, బళ్ళలో టేబుల్ మీద తిరిగే గ్లోబులు. రైలు పోయిన ప్రతిసారీ షెడ్డులోని భూమండలాలన్నీ ఒక్కసారే గజగజ వణికేవి. అన్ని ప్రపంచాలకు ఒకేసారి భూకంపం రావడం సృష్టిలో అక్కడ తప్ప ఇంకెక్కడా జరిగి ఉండదు.

రూతక్క గొంతు సంగతి చెప్పాలి. ఆమె షెడ్డులో నిలబడి "చాయ్" అంటే సైదాబాద్‌లో ఎవరో స్టవ్ వెలిగించేవారు. భర్త పోతూ పోతూ అచ్చులు, అప్పటికే పేరుపడ్డ చేతిపని వదిలి వెళ్తే, కార్ఖానా ఆమే నడిపింది. డిగ్రీలో రెండుసార్లు బోల్తాపడి తిరుగుతున్న నన్ను పనిలో పెట్టుకున్నది నా తెలివి చూసి కాదు, దస్తూరి చూసి. ఆమె తెలుగులో గ్లోబు చేస్తోంది. పేర్లు రాయడానికి మనిషి కావాలి.

పని ఇలా సాగేది. కాగితపు గుజ్జుతో చేసిన బంతి మీద పుచ్చకాయ ముక్కల్లాంటి పట్టీలు అతికిస్తారు. పట్టీల మొనలు పైనా కిందా సరిగ్గా కలవవు కనుక చపాతీ అంత గుండ్రటి కాగితం ఒకటి పైన, ఒకటి కింద వేస్తారు. వాటిని టోపీలు అనేవాళ్ళం. ఉత్తర ధ్రువం ఒక టోపీ, దక్షిణ ధ్రువం ఒక టోపీ. మిగతా కార్ఖానాల వాళ్ళు టోపీలను తెల్లగా వదిలేసి, మీద పెద్ద ఇత్తడి బిళ్ళ బిగించేవారు. అక్కడి దీవులు ఎవరికి కావాలి? రూతక్కకు కావాలి. ఆమె షర్టు గుండీ కన్నా చిన్న బిళ్ళ వెతికి తెచ్చుకుంది.

పాత పుస్తకాల బజారులో కొన్న అట్లాసు ఒడిలో పెట్టుకుని ఆమె ఆ దీవుల గురించి చెబుతుంటే మే నెలలో మాకు చలి పుట్టేది. నేనైతే ఒకసారి తుమ్మాను కూడా. ఉత్తరాన ఎలుగుబంటి దీవి. ఎప్పుడో నావికులు అక్కడ ఒక ఎలుగుబంటిని చంపారట, పాపం దాని పేరే మిగిలింది. ఇంకా పైకి పోతే ఒంటరి దీవి. దక్షిణాన మోసపు దీవి. బయటి నుంచి చూస్తే నిండుగా ఉంటుంది, లోపలికి పోతే నడుమంతా నీళ్ళే. "బొక్క వడ లెక్క అన్నట్టు," అని రూతక్క వేళ్ళతో చూపించేది. చక్రవర్తుల పేర్లున్న దీవులూ మస్తుగా ఉన్నాయి, ఆ చక్రవర్తులు ఒక్కరూ అటు తొంగి చూడలేదు. అన్నిటికన్నా ఆమెకు ఇష్టమైనది ఏనుగు దీవి. నేను నోరు తెరిచి, మంచులో ఏనుగులు ఎట్లా బతుకుతాయని అడిగాను.

"ఏనుగు లేదు, ఏం లేదు. తొండమసొంటి ముక్కున్న సీల్ చేపలు ఉంటయి. గా పేరు పెట్టినోడు నీ అసొంటోడే శీనూ," అంది.

దక్షిణాన దూరంగా మరో దీవి ఉంది. దాన్ని మొదట చూసిన నావికుడు పటంలో దాని చోటు తప్పుగా రాసుకున్నాడట. తర్వాత వెళ్ళినవాళ్ళు నీళ్ళలో వెతికి వెతికి, అసలు దీవే లేదనుకుని తిరిగొచ్చారట. ఆ కథ చెప్పేటప్పుడు మాత్రం రూతక్క నవ్వేది కాదు.

తెలుగు అక్షరాలతో నాకు వేరే లొల్లి. దీవి ఆవగింజంత, పేరు గుమ్మడికాయంత. గుడులు, దీర్ఘాలు, ఒత్తులు దిగేసరికి దీవి మునిగిపోయేది. సముద్రం ఖాళీగానే ఉంది కదా, అందులో రాయమంది రూతక్క. అలా రాసి ప్రెస్సుకు ఇచ్చాం.

పాఠశాలల సామాను అమ్మే ఒక సేఠ్ మొదటి దఫా గ్లోబులు చూసి తీసుకుంటానన్నాడు. ఆయనకు నచ్చితే ఊరూరా బళ్ళకు తెలుగు గ్లోబు. నచ్చకపోతే షెడ్డు మూసేసి, రూతక్క తమ్ముడి టైలరింగ్ దుకాణంలో కాజాలు కుట్టుకోవాలి. ఆ సంగతి ఆమె ఒక్కసారే చెప్పింది. మేం మళ్ళీ ఎత్తలేదు.

ఆయన వచ్చేది ఎల్లుండి. మా దగ్గర గ్లోబులను ఆరబెట్టడానికి తలకిందులుగా వేలాడదీస్తారు. ఆ పూట రూతక్క ఏనుగు దీవి కథను మాతో పనిచేసే నర్సింగన్నకు మొదటి నుంచి చెబుతూ, చేతికి పైన కనబడ్డ వైపల్లా ఉత్తరపు టోపీ, కింది వైపల్లా దక్షిణపు టోపీ వేసుకుంటూ పోయింది. పొద్దున్నే గ్లోబులను నిటారుగా తిప్పి చూద్దును కదా, రష్యా నెత్తిన మంచు ఖండం కూర్చుని ఉంది. ఒక్కదానికి కాదు, అన్నిటికీ.

లై రాయిలా బిగిసింది. తడిపితే చిరుగుతుంది. ప్రెస్సు మళ్ళీ తిరగడానికి వారం. సేఠ్‌కు ఏం తెలుస్తుంది, పిల్లలకు ఏం తెలుస్తుంది, ఇట్లనే ఇచ్చేద్దాం అక్కా అన్నాను. రూతక్క గ్లోబును ఒకసారి తలకిందులు చేసి, మళ్ళీ నిటారుగా తిప్పింది.

"పేరు ఎంత పెద్దగన్న రాయి. ఏనుగు లేకున్న ఏనుగని రాయి, నవ్వుకుంటరు, పోతరు. చోటు మాత్రం జరుపకు శీనూ. ఎనక వచ్చెటోళ్ళు దేవులాడుకుంట సస్తరు."

అంతే. తెల్ల కాగితం తెచ్చి టోపీలు కత్తిరించాం. పాతవాటి మీదే కొత్తవి అతికించాం. రూతక్క తీరాలు గీస్తే, పేర్లు నేనూ నర్సింగన్నా రాశాం. నర్సింగన్నది ఆటోల వెనక పేర్లు రాసే చెయ్యి. ఒంటరి దీవికి ఎర్ర నీడ పెట్టాడు. ఎలుగుబంటి దీవికి అటొకటి ఇటొకటి గులాబీ పూలు వేశాడు. ఏనుగు దీవికి వద్దన్నా వినకుండా రెక్కలు విప్పిన చిలకను దించాడు. వద్దనడానికి నాకూ మనసు రాలేదు. ధ్రువాలు అంత కళకళలాడటం నేను మళ్ళీ చూడలేదు.

సేఠ్ వచ్చాడు. ఒక గ్లోబు తీసుకుని తిప్పాడు. పైన చూశాడు, కింద చూశాడు. ఏనుగు దీవి దగ్గర వేలు ఆపి, కళ్ళజోడు సర్దుకుని, పొట్ట ఊగేలా నవ్వి, "సబ్ బాంధో" అన్నాడు. అన్నీ మూట కట్టించుకుని వెళ్ళాడు. రూతక్క అరుపుకు ప్లాట్‌ఫారం మీది పావురాలు చార్మినార్ దాకా ఎగిరిపోయాయి.

ఇప్పటికీ ఏ వీధి బోర్డు చూసినా, ఆ పేరుగల పెద్దమనిషి ఇక్కడికి ఎప్పుడైనా వచ్చాడా అని ఆగిపోతాను. ఏది రాసినా పదింతలు పెంచుతాను. పెంచాక, చోటు సరిగ్గా ఉందా అని వెనక్కి వెళ్ళి చూసుకుంటాను. అది రూతక్క పెట్టిన భయం.

ఇప్పుడు కూడా చూసుకున్నాను. భూకంపాలు, పావురాలు, సైదాబాద్ చాయ్ మీరెలాగూ కొట్టేసి ఉంటారు. చిలక నిజం. గులాబీలు నిజం. తలకిందులైన ధ్రువాలు అక్షరాలా నిజం. సేఠ్ నవ్వడం మాత్రం నేను కల్పించింది. ఆయన గ్లోబును ఒక్క చుట్టు తిప్పి, "యే గ్లోబ్ హై యా ఆటో?" అని అడిగి, కింద పెట్టి వెళ్ళిపోయాడు. రూతక్క ఆ ఏడాదే కాజాలు కుట్టడానికి కూర్చుంది. మిషను పక్కన చిలక ఉన్న గ్లోబు పెట్టుకుని, జాకెట్టు కొలతలకు వచ్చినవాళ్ళకు ఏనుగు దీవి ఎక్కడుందో వేలు పెట్టి చూపించేది. సరిగ్గా అక్కడే ఉండేది.