యూరప్ పీఠం, వెదురు బొంగు

మొన్న అనంతగిరి దాటాక రోడ్డుకి అడ్డంగా వెదురు బొంగు కనబడి కారు ఆపాను. కొండజాతుల ఇటుకల పండగ. మగవాళ్ళు వేటకి అడవిలోకి పోతే, ఆడవాళ్ళు దారి కాసి, వచ్చే ప్రతి బండినీ ఆపి, పండగ సొమ్ము పుచ్చుకుని గాని వదలరు. ఇప్పుడు ఆ బొంగుకి ఫోన్‌తో డబ్బు పంపే అట్టముక్క ఒకటి వేలాడుతోంది. పక్క సీట్లో ఉన్న అక్క దాన్ని చూసి కళ్ళు మూసుకుంది. నిద్రేమీ కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అక్క కొండ దిగువన విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. యూరప్ దేశాలు సరిహద్దులు చెరిపేసుకుని ఎలా ఒక్కటవుతున్నాయో బోధించడానికి అక్కడివాళ్ళ డబ్బుతో పెట్టిన చిన్న శాఖ ఆమెది, పీఠం అనేవారు. ముచ్చటైన గది, గోడనిండా పటాలు, బల్లమీద బుల్లి జెండాలు. విద్యార్థులే ముగ్గురో నలుగురో. ఆ ఊసెత్తితే "కొండమీద కూర్చున్నదానివి, నీకేం తెలుసే" అనేది. నేను అరకు కాలేజీలో పాఠాలు చెప్పుకునేదాన్ని. పీఠం గడువు తీరబోయేసరికి, ఉంచాలా తీసెయ్యాలా చూడడానికి అక్కణ్ణుంచి ఒక పెద్దాయన వస్తున్నాడన్నారు. నిండుగా పిల్లలున్న హాలు చూపించకపోతే పీఠం మూతే. అప్పుడు గుర్తొచ్చింది కొండమీది చెల్లెలు. మా కాలేజీలో సదస్సు, తేదీ మాత్రం తనిష్టం.

"ఆ రోజు ఇటుకల పండగక్కా, కుర్చీలు తప్ప ఎవరూ రారు" అని ఫోన్లో చెప్పాను. "చదువుకునే పిల్లలకి పండగేమిటే, వస్తారు" అంది. ఒకరి మాట వినే మనిషైతే ప్రొఫెసర్ ఎందుకవుతుంది?

సదస్సు రోజు ఎదురెళ్ళి, అనంతగిరిలో అక్కా పెద్దాయనా వస్తున్న కారెక్కాను. కాఫీ తోటలు దాటాక బొంగు. దాని వెనక తలనిండా పూలతో, సదస్సులో ముందు వరసలో కూర్చోవలసిన మా ఆడపిల్లలు. నన్ను చూసి సిగ్గుపడ్డారు గాని బొంగు ఎత్తలేదు.

అక్క దిగింది. "ఏటిది? యూరప్‌లో దేశానికీ దేశానికీ మధ్యే గేట్లు తీసేశారు, తెలుసా?"

"తియ్యనీండి మేడం" అంది వాళ్ళలో గడుసుది. "మాది యేడాదికోపాలే గదా. ఇచ్చీసి బేగెల్లండి."

పెద్దాయనకి ఏం అర్థమైందో, నవ్వుతూ ఒక యూరో నోటు తీసిచ్చాడు. అది డజను దేశాల్లో చెల్లుతుందని అక్క గర్వంగా చెప్పింది. ఆ గుంట నోటుని ఎండకి పట్టి అటూ ఇటూ తిప్పింది. "డుంబ్రిగుడ సంతలో సెల్లుతాదా మేడం?"

చివరికి నా పర్సులోంచి ఇస్తే బొంగు లేచింది. హాల్లో మా ప్రిన్సిపాలు, అటెండరు, నేను. అక్క ఖాళీ కుర్చీల ముందు నిలబడి ప్రసంగం మొత్తం చదివింది, ఒక్క వాక్యం తగ్గించలేదు. పెద్దాయన పండగని తెగ మెచ్చుకుని వెళ్ళాడు. పీఠం మాత్రం ఆ ఏడే ఎత్తేశారు. పటాలు చుట్టి అక్క ఇంటికి తెచ్చుకుంది, మళ్ళీ విప్పలేదు. ఆ ఒక్కటైన దేశాల్లోంచి ఒకటి విడిపోయిందని ఈమధ్య వార్తల్లో వచ్చినప్పుడు లేచి టీవీ కట్టేసింది.

మొన్న బొంగు దగ్గర ఎవరి గుంటో కిటికీ తట్టింది. "ఇచ్చెయ్యవే" అంది అక్క, కళ్ళు తెరవకుండానే. ఇచ్చేశాను. మా ఇద్దరికీ వాదించుకోవలసింది ఇంకా బోలెడుంది. వాదించే ఓపికే, మాకు చెప్పకుండా, ఏ ఏడు ఏ మలుపులో దిగిపోయిందో.