కొత్త టైర్లు ముందుకా, వెనక్కా

ఇది మహాకావ్యానికి సరిపడా కథ. ఇందులో తెల్లచీరలో పెళ్ళికూతురు ఉంది, కాలవగట్టున వెంట్రుకవాసిలో తప్పిన గండం ఉంది, తండ్రీ కొడుకుల పంతం ఉంది. అలా అనుకునే మొదలుపెట్టాను గానీ, ఎంత సాగదీసినా ఇది రెండు కొత్త టైర్లు కారుకి ముందు బిగించాలా, వెనక బిగించాలా అన్న గొడవే.

మొన్న తెనాలిలో టైర్ల కొట్టు ముందు నిలబడితే కొత్త రబ్బరు వాసన గుప్పుమంది. ఆ వాసనకి చాలామందికి తలనొప్పి వస్తుంది. నాకు మల్లెపూలూ, గంజి పెట్టిన బట్టలూ, ఎండిన మినపచెట్లూ అన్నీ కలిసి మా చిన్నత్త పెళ్ళిరోజు గుర్తొస్తుంది. నా ముక్కుకి చదువు సరిగా అబ్బలేదు.

మాది బాపట్ల. తాతయ్యకి ఒక పాత కారుండేది, పాకలో పడుకున్న గేదెలా గుండ్రటి వీపుతో. ఎండాకాలం సముద్రానికి వెళ్ళొస్తే దాని చాపల కింద ఇసక మళ్ళీ క్రిస్మస్ దాకా కరకరలాడేది. కర్లపాలెం నుంచి తెచ్చిన ముంజెల నీళ్ళూ, నాయనమ్మ ఒళ్ళో డబ్బాలోని కారప్పూసా, ఎప్పుడో ఎవరో చుట్టి తెచ్చిన ఎండుచేపలూ వాటి వాటి వాసనలు సీట్లకి ఆస్తిగా రాసిచ్చిపోయాయి. ఆదివారం చర్చికి ఒకరి ఒళ్ళో ఒకరం సర్దుకుని కూర్చుంటే, అది దగ్గి, మళ్ళీ దగ్గి, ఇక లేదనుకున్నాక ప్రాణం పోసుకునేది. వెంటనే వెనక సీట్లోంచి నాయనమ్మ "స్తోత్రం" అనేది. ఆ బండి పెట్రోలు కంటే స్తోత్రాలే ఎక్కువ తాగింది.

దాని మీద మా బాబాయికి మాత్రం దయ లేదు. "ఇది కారేంటి నాన్నా, పాత ఇనుము. తెనాలి కొట్టుకి తోలేద్దాం" అనేవాడు. ఈస్టరు ముందటి శ్రమకాలం ఇంకా మొదలవకముందే రేపల్లె చర్చిలో చిన్నత్త పెళ్ళి కుదిరినప్పుడు తాతయ్యకి పౌరుషం వచ్చింది. "నా కూతుర్ని ఈ బండిలోనే తీసుకెళ్తాన్రా. చేరకపోతే సోమవారం నువ్వే తోలుకుపో" అన్నాడు. బాబాయి సోమవారం ఏ పనీ పెట్టుకోలేదు.

టైర్లు బోడిగుండులా అరిగిపోయాయి. ఆ పాత సైజులో తెనాలంతా తిరిగితే రెండే కొత్తవి దొరికాయి, అవీ రోడ్డుని గట్టిగా పట్టుకునే రేడియల్ రకం. మిగిలిన రెండూ పాత నైలాన్‌వే. రేపల్లె వాళ్ళు ఎదురొచ్చి చూసేది బండి మొహమే కాబట్టి కొత్తవి ముందుకే అని తాతయ్య తేల్చేశాడు. పంక్చర్ల మస్తాను కూడా, "అంతేగదండీ మాస్టారూ, పెళ్ళికూతురికి పౌడరు మొహానికే గదండీ పూసేది" అని బిగించేశాడు. గాలి దగ్గర నాయనమ్మ కలగజేసుకుంది. "పెళ్ళిబండి, ఇంకాస్త కొట్టు బాబూ." మా ఇళ్ళలో విస్తరి ముందు చాలన్నవాడికే ఇంకో గరిటె పడుతుంది, టైరుకి చాలనడానికి నోరు కూడా లేదు. చివరికి మస్తాను రాడ్డుతో కొడితే చర్చి గంటలా మోగింది. అందరికీ తృప్తిగా ఉంది.

పెళ్ళిరోజు పొద్దున కర్లపాలెం దాటాం. ఆ రోజుల్లో రైతులు పీకిన మినపచెట్లను రోడ్డు మీదే పరిచేవాళ్ళు. వచ్చేపోయే బండ్లు తొక్కితే కాయలు పగిలి గింజలు రాలేవి. ఊరందరి చక్రాలతో ఉచిత నూర్పిడి. మేమూ ఆ సేవలో దిగాం. రాలిన మినుముల మీద ఎక్కగానే కారు మొహం రేపల్లె వైపే వెళ్తోంది గానీ, వీపు మాత్రం కాలవ వైపు బయల్దేరింది. నాయనమ్మ స్తోత్రం 'స్తో' దగ్గరే ఆగింది. కారు కూడా ఆగింది, వెనక చక్రం గట్టు అంచున.

వెనకే అద్దెకారులో వస్తున్న బాబాయి దిగాడు. "చిన్నీ, దిగి నా కారెక్కమ్మా" అన్నాడు, వీలైనంత మెత్తగా. తాతయ్య స్టీరింగు వదలకుండా అలాగే కూర్చున్నాడు. వెనకనుంచి ఆయన చెవులు ఎర్రబడటం నాకు కనపడింది.

చిన్నత్త దిగింది. తెల్లచీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని కారు చుట్టూ తిరిగొచ్చింది.

"నాన్నా, ఇవాళ పెళ్ళి ఎవరికి?"

"నీకేనమ్మా."

"మరి కొత్త టైర్లు మీ కిందా, అరిగినవి నా కిందానా? కొత్తవి వెనక్కి వెయ్యండి, ఎక్కుతాను. లేదంటే నడిచెళ్తా. అన్నయ్యా, నీ జాకీ కూడా తియ్యి."

పెళ్ళికూతురి మాటకి ఆ రోజొక్కటే విలువ ఉంటుందని తనకి తెలుసేమో. ముందొక జాకీ, వెనకొక జాకీ పెట్టి తండ్రీ కొడుకులు కోట్లు విప్పి చక్రాలు మార్చారు. "బంతుల్లా ఎగురుతున్నాయి, గాలి కూడా కాస్త తియ్యండి" అని చిన్నత్త తన జడపిన్ను ఇచ్చింది. నాయనమ్మ కొట్టించిన మర్యాదంతా కుస్సుమంటూ మినపచేల మీదుగా వెళ్ళిపోయింది. అక్కణ్ణించి కారు తోక ఊపలేదు. పెళ్ళి ఫొటోలన్నిటిలోనూ బాబాయి చొక్కాకి గ్రీజు ఉంది. పాత ఇనుము మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

చిన్నత్త అడిగింది హక్కే గానీ శాస్త్రం కాదు. రెండు రకాలూ కలపక తప్పకపోతే రేడియళ్ళు వెనకే ఉండాలని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకూ ఈమధ్యే తెలిసింది.

ఇప్పుడు తాతయ్య లేడు. బండి దగ్గినా వెనక సీట్లో స్తోత్రం వినపడదు. మినుము యంత్రాలే నూరుస్తున్నాయి, రోడ్డు మీద మిగిలింది రోడ్డే. కారు మాత్రం ఉంది. రేపు రేపల్లె నుంచి చిన్నత్తని తీసుకురావాలి. మోకాళ్ళు సహకరించకపోయినా ఆవిడ ఇప్పటికీ వెనక సీటే అంటుంది. అందుకే నాలుగూ ఒకే రకం వేయించాను. కొట్టతను గాలి పెడుతూ "ఇంకొంచెం కొట్టమంటారా అండీ?" అనడిగాడు. మా వంశంలో మొదటిసారిగా ఒకరు చాలన్నారు.

పాత రిమ్ము కాబట్టి ట్యూబు తప్పనిసరి. గాలి ముందు ఇరవై నాలుగు పౌన్లు, వెనక ఇరవై ఎనిమిది. పొద్దున్నే, బండి తియ్యకముందే చూసుకోవాలి.