పెద్ద ఈరన్న దిగిన బండ

కోసిగి దాపున ఒక చెరువులో గుండ్రటి తెప్పలాంటి పుట్టి తిప్పే పెద్ద ఈరన్నకు నలభై ఏళ్లుగా ఆ చెరువు అడుగు తెలుసు. కంటితో చూసి కాదు, గడకర్రతో పొడిచి. గులకైతే గడ గరగరమంటుంది. బండైతే భుజం అదురుతుంది. ఒండ్రైతే దిగబడి మళ్లీ రానని మొండికేస్తుంది. ఈ విద్యకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు, ఆయనా అడగలేదు.

ఆయనకు రెండెకరాల గరుసు నేల ఉంది. వాన పడితే తడుస్తుంది, అంతకు మించి ఏమీ చెయ్యదు. అందుకే ఏటా భార్య మహాదేవమ్మతో గుంటూరు వైపు మిరపకాయలు కోసే సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాడు. పోయినేడు ఆ ఘాటుకు ఆమెకు పట్టుకున్న దగ్గు ఇంకా వదల్లేదు. మళ్లీ మిరప తోటలో అడుగుపెడితే పూచీ నాది కాదన్నాడు డాక్టరు. చెరువు ఒండ్రు తోలుకుంటే ఆ నేలలో పత్తి పండుతుంది, సుగ్గి తప్పుతుంది. అయితే ఒండ్రు ఎక్కడుందో మ్యాపులో తేలితే గానీ తవ్వనివ్వరు.

మ్యాపు గీయడానికి కర్నూలు నుంచి శ్రీవాణి అనే ఇంజనీరు సోనార్ పెట్టెతో వచ్చి ఈరన్న పుట్టి ఎక్కింది. ఆ పెట్టె నీళ్లలోకి శబ్దం పంపి, అది తిరిగొచ్చిన తీరును బట్టి తెరమీద రంగులేస్తుంది. నలుపైతే ఒండ్రు, ఎరుపైతే బండ. చెరువు నడిమంతా ఎర్రగా వచ్చింది.

"ఇక్కడంతా బండే పెద్దాయనా."

"బండ యాడిదమ్మా? ఈడ గడ సగం దిగబడ్తాది."

"గడ చెప్పింది రిపోర్టులో రాయలేను. మట్టి కనపడాలి."

మట్టి పట్టే ఇనుప డబ్బా ఒకటి తెచ్చింది గానీ, దాని స్ప్రింగు పొద్దున్నే విరిగి కూర్చుంది.

ఈరన్నకు ఒళ్లు మండింది. తన గడను కాదన్నందుకు కొంత, మహాదేవమ్మ దగ్గు గుర్తొచ్చి మరింత. పంచె ఎగగట్టి, నడుములోతు నీళ్లలో ఆ బండమీదికి దిగాడు. బండ ఆయన్ను మోకాళ్ల దాకా మింగి, కాస్త ఆగి, ఇంకొంచెం మింగింది. నీళ్లు గడ్డానికొచ్చాయి. చుట్టూ బుడగలు లేచాయి.

శ్రీవాణి ఆ బుడగల్నే చూస్తూ ఉండిపోయింది. బురదలో ఆకూ అలమూ కుళ్లి గాలి చేరితే, శబ్దం ఆ గాలికే తగిలి వెనక్కొస్తుంది, యంత్రం బండనుకుంటుంది. ఆమె చదువుకున్న పాఠమే. పరీక్షలో రాలేదు గనుక మర్చిపోయింది.

"పైకి రండి పెద్దాయనా."

"రానీదు తల్లీ. బండ పట్టుకునిండాది."

గడ అందించి లాగగా లాగగా వచ్చాడు. కాళ్లకంటిన నల్లటి ఒండ్రును ఆమె చెంచాతో గీకి సీసాలో పోసింది. రిపోర్టులో నమూనా తీసిన పరికరం అన్న గడిలో కాసేపు ఆలోచించి "కాలు" అని రాసింది.

మ్యాపు నడిమి నల్లబడింది. ఎండాకాలంలో ట్రాక్టర్లు ఒండ్రు తోలాయి. తరువాతి ఏడు సుగ్గి లారీ వచ్చి వాకిట్లో హారను కొడితే మహాదేవమ్మ బయటికొచ్చింది.

"నేను రానప్పా. మా పత్తి ఏరేది శానా ఉండాది. నేను పోతే యెవరు ఏరల్ల?"

అంత పొడుగు మాటలో ఆమె ఒక్కసారి కూడా దగ్గలేదు. ఈరన్నకు ఏడుపొచ్చింది, గొడ్లకు నీళ్లు పెట్టే నెపంతో దొడ్లోకి పోయాడు.