స్టే వైరుకు రెండో పక్క

కువైట్‌లో నా పని రేడియో టవరును నిలబెట్టే స్టే వైర్లను కాపాడడం. టవరుతో పాటు వచ్చిన పుస్తకం ఏదో చలిదేశంలో అచ్చయింది. తీగల మీద మంచు గడ్డకడితే ఆ బరువుకు టవరు కూలుతుంది, కొయ్యసుత్తితో తట్టి రాల్చండి అని అందులో పేజీలకు పేజీలు. మా ఇంజనీరు మండుటెండలో నిలబెట్టి అది చదివి వినిపిస్తే నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. ఇక్కడ మంచెక్కడిది? మా తీగలను తినేది సముద్రపు ఉప్పుగాలి, దుమ్ము. గుడ్డతో తుడిచి గ్రీజు పూసేవాళ్ళం.

మేమంటే నేనూ, రాయచోటి నుంచి వచ్చిన ఒక సాయిబూ. నాకన్నా పదేళ్ళు పెద్ద, అన్నా అనేవాణ్ణి. ఎండకు సాగిన తీగను ఒక పక్కే బిగిస్తే టవరు అటే వంగిపోతుంది. అందుకని ఎదురెదురుగా ఇద్దరం నిలబడి ఒకేసారి మర తిప్పాలి. దూరానికి కేక వినపడదు. అన్న తలగుడ్డ ఊపేవాడు. నేను సిద్ధమని నాది ఊపేవాణ్ణి. తర్వాత ఇద్దరం వంగి, ఒకరినొకరు చూడకుండా, పది చుట్లు తిప్పేవాళ్ళం. ఆరేళ్ళు అలాగే చేశాం.

తొంభై ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. ఇంజనీరు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. స్టేషన్లో సిపాయిలు దిగారు, టవరుకేమైనా అయితే మీ ప్రాణాలు మీవి కావన్నారు. మనవాళ్ళు సాల్మియా పేటలో గుమిగూడి బస్సుల్లో ఇరాక్ దాటి అమ్మాన్‌కు బయలుదేరుతున్నారు. అక్కడి నుంచి మన దేశానికి విమానాలున్నాయి.

"అన్నా, బస్సుకు పేర్లు రాసుకునేటాయన ఈపొద్దు గేటుకాడికి వస్తాడంట. ఈ పని రేపు చేస్తే కాదా?" అన్నాను.

"తుపాకి పట్టుకోని నిలబడుకోనుంటే రేపంటావేందిప్పా? ఇది ముగించి ఇద్దరమూ పోదాం. యల్లా, కానీ."

అన్న గుడ్డ ఊపాడు. నేనూ ఊపాను. అప్పుడే గేటు దగ్గర కారు ఆగింది. రెండు నిమిషాలే కదా, ఆయన వెళ్ళిపోతే మళ్ళీ దొరకడేమో అనుకుని పరుగెత్తాను. రెండు పేర్లూ రాయించాను. ముందు అన్న పేరే చెప్పాను, అదొక్కటే ఆ రోజు నేను చేసిన మంచి పని.

తిరిగొచ్చేసరికి అన్న తన పది చుట్లూ తిప్పేశాడు, టవరు నడుము వంగి ఉంది. సిపాయిలు అన్నను చుట్టుముట్టారు. కావాలనే పాడుచేశావు, రెండో పక్క ఎవరున్నారు అని వాళ్ళ అధికారి అరబ్బీలో అరుస్తున్నాడు. అన్న నన్ను చూశాడు.

"ఎవరూ లేరు. నేనొక్కడినే. అంతే, ఖలాస్" అని అరబ్బీలోనే చెప్పాడు.

నేనని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. భయపడ్డాను, దానికి ఇంకో పేరు పెట్టడం నాకు చేతకాదు. జీపు ఎక్కిస్తుంటే అన్న నా వైపు తిరిగాడు.

"పేర్లు రాయించినావా?"

"రాయించినా అన్నా."

"అయితే నువ్వు పో."

నాలుగు రోజులు కనపడిన ప్రతి సిపాయినీ బతిమాలాను. తెలియదన్నారు, తోసేశారు. ఐదో రోజు బస్సు దగ్గర ఆయన పేరు మూడుసార్లు పిలిచారు. తర్వాత ఆ సీట్లో ఎవరినో కూర్చోబెట్టారు. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. యుద్ధం ముగిశాక కూడా ఆయన కబురు రాలేదు.

మరుసటేడు రాయచోటి వెళ్ళాను. ఆయన భార్య నా ముందు అన్నం పెట్టి, కూర వడ్డించి, గోడకు ఆనుకుని కూర్చుంది. నేను రెండో ముద్ద కలుపుతున్నప్పుడు మెల్లగా అంది:

"ఆయన్ను పట్టుకపోయిన పొద్దు ఒంటిగా ఉన్న్యాడా? నువ్వు పక్కనుంటివా?"

"ఉంటి వదినా" అన్నాను.

"అంతే చాలు నాయనా" అని ఇంకాస్త అన్నం వడ్డించింది. తిన్నాను.